పన్ను తీసి చేతికిచ్చిన సంచి: ఏడు రోజుల వాడకం తరువాత

కింది దవడలో కుడివైపు అడ్డంగా పడుకుని ఉన్న జ్ఞానదంతాన్ని, ఎముక కొంత చెక్కి, పంటిని రెండు ముక్కలు చేసి తీసిన తరువాత, దంతవైద్యశాల వారు నా చేతిలో ఒక చిన్న జిప్పు సంచి పెట్టి పంపించారు. అందులో రక్తం పీల్చే గాజ్ గుడ్డలు మడిచినవి ఆరు, నీలం రంగు జెల్ ప్యాక్ ఒకటి, దాన్ని దవడకు ఆనించి తలచుట్టూ కట్టుకోవడానికి ఒక పట్టీ, ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్రలు పది, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు పది, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు సీసా ఒకటి, అరచేతి వెడల్పున సూచనల చీటీ ఒకటి ఉన్నాయి. ఏడు రోజులపాటు వాటిలో ప్రతి ఒక్కదాన్నీ వాడి చూశాను. వైద్యుని చేతి పనికి వంక పెట్టడానికి లేదు. నేను రాస్తున్నది ఆ తరువాత ఇంట్లో గడిచిన రోజుల గురించి, ఆ రోజుల కోసమే ఇచ్చిన ఈ సంచి గురించి. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన రెండు మార్కులూ ఆ చీటీ ఖాతాలోవే.

గాజ్ గుడ్డల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి మడతను వారే గాయం మీద పెట్టి, గట్టిగా కరిచిపట్టి ముప్పావు గంట ఉంచమన్నారు. తీసేసరికి రక్తం దాదాపు ఆగింది; ఉమ్మిలో గులాబీ రంగు చార మాత్రం సాయంత్రం దాకా కనిపించింది, అది మామూలే. రెండో మడత పెట్టుకోవలసి వస్తే దాన్ని తడిపి పిండి పెట్టుకోవాలని చీటీలో లేదు. పొడి గుడ్డ పెడితే రక్తం దానికి అంటుకుని ఎండి, తీసేటప్పుడు గుంటలోని గడ్డ కూడా దానితోపాటు ఊడి వస్తుందని సహాయకురాలు గుమ్మం దగ్గర చెప్పిన మాట గుర్తుండబట్టి సరిపోయింది. మిగిలిన నాలుగు గుడ్డలూ సంచిలో అలాగే ఉన్నాయి.

ఇక చీటీ సంగతి. అందులో ఉన్నవి ఆరే వాక్యాలు: "24 గంటలు పుక్కిలించరాదు. ఉమ్మరాదు. స్ట్రాతో తాగరాదు. పొగ తాగరాదు. మెత్తని ఆహారం తీసుకోవలెను. నొప్పి ఉంటే మాత్ర వేసుకోవలెను." మొదటి ఐదూ సరైనవే. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే కింద ఎముకకు కప్పు; నోట్లో పీల్చే ఒత్తిడి పుడితే ఆ కప్పు కదిలిపోయే ప్రమాదం ఉంది. నన్ను ముంచింది ఆరో వాక్యం. ఏ మాత్ర వేసుకోవాలి, సంచిలో రెండు రకాలున్నాయి కదా? రెండూ కలిపి వేసుకోవచ్చా, ఒకటి వేసుకుంటే రెండోది మానెయ్యాలా? ఎన్ని గంటలకొకసారి? అన్నిటికన్నా ముఖ్యంగా, "నొప్పి ఉంటే" అన్నారు కనుక అది వచ్చేదాకా ఆగాలా? చదువుకున్నవాణ్ణి కదా, చీటీలో ఏముంటే అదే అక్షరాలా పాటించాను.

పదకొండు గంటలకు మత్తు సూది వేశారు. లిడోకెయిన్‌తో కింది దవడ నరాన్ని మొద్దుబార్చినప్పుడు పంటికి పట్టిన తిమ్మిరి గంట, గంటన్నరలో తగ్గిపోయినా, పెదవికీ నాలుకకూ పట్టినది మూడు నుంచి ఐదు గంటల దాకా వదలదు. రెండు గంటలప్పుడు నేను చాలా హాయిగా ఉన్నాను. కింది పెదవిలో సగం నాది కానట్టు వేలాడుతూ ఉంటే, ఇంతమాత్రానికా ఇన్నేళ్లు వాయిదా వేశానని నాలో నేనే నవ్వుకున్నాను. మూడు దాటాక గడ్డం మీద చీమలు పాకినట్టనిపించింది. మూడున్నరకు దవడ లోపల సలుపు మొదలైంది. నాలుగింటికల్లా నాడి కొట్టుకున్నప్పుడల్లా చెవి దాకా పోటు వచ్చేది. అప్పుడు, చీటీ ప్రకారం నొప్పి "ఉంది" కనుక, ఒక ఐబుప్రోఫెన్ వేసుకున్నాను. మింగిన మాత్ర కరిగి, రక్తంలో కలిసి పని మొదలుపెట్టడానికే అరగంట పడుతుంది. పూర్తి బలం చూపడానికి గంట నుంచి రెండు గంటలు కావాలి. ఆ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు గోడ గడియారం వంక తప్ప మరెటూ చూడలేకపోయాను.

ఇందులో మాత్ర తప్పు లేదు, వేసుకున్న వేళే తప్పు. కోత పడిన క్షణం నుంచి దెబ్బతిన్న కణాల దగ్గర ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారవుతూ, నొప్పిని మోసే నరాలను రెచ్చగొడుతూ, వాపును పెంచుతూ పోతాయి. మత్తు ఉన్నంతసేపూ ఆ పని సాగుతూనే ఉంటుంది, మనకు తెలియదంతే. ఐబుప్రోఫెన్ చేసేదల్లా ఆ తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకోవడం. అందుకే తిమ్మిరి పూర్తిగా దిగకముందే మొదటి మోతాదు కడుపులో పడి ఉండాలి. తయారీ జోరందుకున్నాక వేసుకుంటే, అప్పటికే పోగుపడినదాని బాధను భరిస్తూ మందు అందుకునేదాకా కాచుకోవలసిందే. ఆస్పిరిన్ జాతి మందులు ఈ విధంగా పనిచేస్తాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చాడు; ఆ కృషికి 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఐబుప్రోఫెన్ బ్రిటన్‌లో వాడకంలోకి వచ్చింది మాత్రం 1969లో, అంటే అది ఎలా పనిచేస్తుందన్న వివరణ తేలకముందే. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన స్టూవర్ట్ ఆడమ్స్, ముందురోజు రాత్రి తాగినదానికి మర్నాడు పట్టుకున్న తలనొప్పికి ఆ మందును తన మీదే ప్రయోగించి చూసుకున్నట్టు స్వయంగా చెప్పుకున్నాడు. నాలుగింటికి మాత్ర మింగి కూర్చున్న నాకు ఆ మనిషి మీద గౌరవం కలగడానికి ఆరు దాటింది.

రెండు మాత్రలూ కలిపి వేసుకోవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం దొరికింది మర్నాడు ఉదయమే. ఆ రాత్రి నొప్పి కాస్త నెమ్మదించగానే, ఇక మాత్రతో పని లేదనుకుని పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి దవడ పట్టుకుని లేచాను, ఇంకో ఐబుప్రోఫెన్ మింగి తెల్లవారేదాకా దిండుకు ఆనుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి వైద్యశాలకు ఫోన్ చేస్తే సహాయకురాలే ఎత్తారు. "రెండూ కలిపే వేసుకోండి సార్, ఏదన్నా తిన్నాక, ఆరు గంటలకోసారి. నొప్పి లేకపోయినా సరే, మూడు రోజులు ఆపకండి," అన్నారు. "మరి చీటీలో ఇదంతా లేదు కదండీ," అన్నాను. "అది నోటితో చెబుతాం సార్, మీకూ చెప్పాం," అన్నారు. చెప్పే ఉంటారు. సగం ముఖం మొద్దుబారి, నోట్లో గుడ్డ కరిచి, బయటపడితే చాలుననుకుంటున్న మనిషికి చెప్పిన మాట ఎంతవరకు ఎక్కుతుందో వారికి నాకన్నా బాగా తెలిసి ఉండాలి.

ఆమె చెప్పినదానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. నొప్పి మాత్రల బలాబలాలు తేల్చే పరీక్షలు ఎన్నో జ్ఞానదంతం తీయించుకున్నవారి మీదే జరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనుషులకు, ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన, ఒకే తరహా నొప్పి కనుక పోల్చి చూడడం సులువు. వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, ఐబుప్రోఫెన్ 200, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి వేసుకున్నవారిలో దాదాపు 70 శాతం మందికి ఆరు గంటలపాటు నొప్పి సగానికి సగమైనా తగ్గింది. ఐబుప్రోఫెన్ 400 ఒక్కటే వేసుకున్నవారిలో అది సగం మందికి కొంచెం పైన. మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో పదిమందికి ఒకరు కూడా లేరు. పారాసిటమాల్ పనిచేసే దారి వేరు కావడం వల్ల రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వారు 2024లో వెలువరించిన మార్గదర్శకం కూడా పెద్దవారిలో పంటి శస్త్రచికిత్స తరువాతి నొప్పికి ముందుగా వాడవలసినవి ఐబుప్రోఫెన్ జాతి మందులేననీ, ఒంటిగా గానీ పారాసిటమాల్‌తో కలిపి గానీ ఇవ్వవచ్చనీ చెబుతుంది. కనుక సంచిలో మాత్రల ఎంపికకు పూర్తి మార్కులు ఇవ్వక తప్పదు. అంత చక్కగా ఎంచి పెట్టినవాటిని ఎలా వాడాలో రాయకపోవడమే నాకు మింగుడుపడలేదు.

రాయవలసినవి మరికొన్ని కూడా ఉన్నాయి. పెద్దవారికి పారాసిటమాల్ ఏ లెక్కన చూసినా రోజుకు నాలుగు గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లోనూ, ఇతర నొప్పి మాత్రల్లోనూ అది కలిసే ఉంటుంది కనుక, తెలియకుండా రెండింతలు మింగి కాలేయానికి చేటు తెచ్చుకునే వీలుంది. ఐబుప్రోఫెన్ అందరికీ పడదు: కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఆస్పిరిన్‌తో ఉబ్బసం రేగేవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోకూడదు. న్యాయంగా చెప్పాలంటే, కుర్చీ ఎక్కకముందే ఈ ప్రశ్నలన్నీ ఉన్న కాగితాన్ని నాచేత నింపించి సంతకం తీసుకున్నారు. కానీ ఆ కాగితం వారి దగ్గరే ఉండిపోయింది. సంచి నాతో ఇంటికి వచ్చింది. ఇంట్లో ఎవరికైనా పన్ను నొప్పి వస్తే ఆ మిగిలిన మాత్రలే చేతికి దొరుకుతాయి.

రెండో రోజు ఉదయం తొమ్మిది నుంచి తొమ్మిది, మూడు, తొమ్మిది, మూడు అన్న వరుస పట్టాను. అర్ధరాత్రి దాటిన మూడింటికి అలారం పెట్టుకుని, నాలుగు ముద్దలు తిని, రెండు మాత్రలూ కలిపి వేసుకున్నాను. నొప్పి అసలు లేకుండా పోయిందనను. దవడలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఒక బరువు ఉండిపోయింది, అంతే. మొదటి సాయంత్రం తెలిసిన పోటు మళ్లీ కనిపించలేదు. అవే మాత్రలు, అదే దవడ. పైగా వాపు ఎక్కువయ్యేది రెండో, మూడో రోజునే కనుక అసలు కష్టపడవలసినది అప్పుడే. మొదటి సాయంత్రం నేను పడిన బాధంతా ఒక వాక్యం సరిగా రాయకపోవడం వల్ల పడినదేనన్న కోపం అప్పుడు కలిగింది.

జెల్ ప్యాక్ విషయంలో నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. చల్లదనం మంచిదే, పలుచని గుడ్డలో చుట్టి చెంప మీద ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీసి, మొదటి రోజంతా అలా చేస్తే మొద్దుబారినట్టయి హాయిగా ఉంటుంది. వాపును అది నిజంగా ఎంత తగ్గిస్తుందన్న దానికి పరిశోధనల్లో బలమైన రుజువులు లేవు, కానీ మాత్ర అందుకునేలోపు ఆ ఇరవై నిమిషాలూ గడవడానికి అదే దిక్కయింది. లోపం తయారీలో ఉంది. ఫ్రిజ్ మంచు అరలోంచి తీసిన ప్యాక్ పావుగంటకే గోరువెచ్చనై జావగా మారిపోయేది, మళ్లీ గడ్డకట్టడానికి రెండు గంటలు పట్టేది. కాబట్టి ఇరవై నిమిషాల పద్ధతి సాగాలంటే కనీసం రెండైనా ఇవ్వాలి. ఇక పట్టీ అయితే నడినెత్తి మీద అతుక్కునేలా కుట్టినది. ఆ అతుకు ఊడదీసినప్పుడల్లా నాలుగు వెంట్రుకలు దానితో వచ్చేవి. అన్నిటికీ మించి, జెల్ ఉండే జేబు చెంప ముందు భాగానికి వచ్చేటట్టు కుట్టారు. జ్ఞానదంతం ఉండేది చెవి కిందికి, దవడ మలుపు దగ్గర. పట్టీ వదిలేసి, చేత్తోనే పట్టుకున్నాను.

పుక్కిలింత మందు గురించి క్లుప్తంగా చెబితే చాలు. అది నొప్పి తగ్గించే మందు కాదు. నోటిలో సూక్ష్మజీవులను అదుపులో ఉంచి, గుంటలోని రక్తపు గడ్డ పోయి ఎముక బయటపడే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది. రెండో రోజు నుంచి రోజుకు రెండుసార్లు నోట్లో పోసుకుని, గట్టిగా పుక్కిలించకుండా తలను అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా నోరు తెరిచి జారవిడిచాను. నాలుకకు ఉప్పు రుచి తెలియకుండా పోయింది. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. మధ్యలో గోరువెచ్చని ఉప్పునీళ్లే నాకు ఎక్కువ సుఖంగా అనిపించాయి.

సంచిలో లేనివాటి గురించి కూడా ఒక మాట చెప్పాలి. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. చూసినవారంతా అదేమిటని అడిగారు, మొదట నేనూ అనుమానపడ్డాను. చీము, జ్వరం లేని మనిషికి అది నొప్పి మీద చేసేదేమీ లేదు. ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదు, వివేకమే. ట్రమడాల్, కోడీన్ వంటి మత్తు జాతి మాత్రలు కూడా లేవు. వాటివల్ల కలిగే వికారం, మలబద్ధకం చూస్తే, ఈ నొప్పికి అవి లేకపోవడమే మేలు.

ఐబుప్రోఫెన్ చివరి మాత్ర నాలుగో రోజు తెల్లవారుజామున మూడింటికి అయిపోయింది. మధ్యాహ్నం వరకు బాగానే ఉన్నాను. సాయంత్రానికి నొప్పి మళ్లీ మొదలైతే మాత్ర ఆపినందువల్ల అనుకుని, మిగిలిన పారాసిటమాల్ వేసుకున్నాను. ఈసారిది వేరే నొప్పి. పోటు కాదు, చెవి లోపలికి, కణతకు పాకుతూ, నాలుక కదిపినా గాలి పీల్చినా జివ్వుమనే నొప్పి. నోట్లో దుర్వాసన. టార్చి వేసి అద్దంలో చూస్తే ఎర్రగా ఉండవలసిన గుంట అడుగున బూడిద రంగులో ఎముక కనిపించింది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. మామూలు పళ్లు తీసినప్పుడు అరుదుగానే వచ్చినా, కింది జ్ఞానదంతాల దగ్గర ఎక్కువగా వస్తుంది; పొగ తాగేవారికి మరీ ఎక్కువ. నేను తాగను, అయినా వచ్చింది. తగ్గుతున్న నొప్పి మూడు నాలుగు రోజుల తరువాత తిరగబెడితే వెంటనే రమ్మని చీటీలో ఏడో వాక్యం ఉండి ఉంటే, ఆ రాత్రంతా మాత్రల కోసం వెతుక్కునేవాణ్ణి కాను. దీనికి మాత్రలు చాలవు.

మర్నాడు ఉదయం వెళ్లగానే, ముందుగా అపాయింట్‌మెంట్ లేకపోయినా, పది నిమిషాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. గోరువెచ్చని సెలైన్‌తో గుంట కడిగి, లవంగ నూనెలో ఉండే యూజినాల్ పట్టించిన పట్టీ ముక్కను సన్నని పటకారుతో లోపలికి దోపారు. లవంగాల ఘాటు ముక్కుకు తగిలింది, రెండు మూడు నిమిషాలకే చెవి లోపలి జివ్వుమనడం ఆగిపోయింది. వారం మొత్తంలో అంత త్వరగా గుణం కనిపించిన మందు మరొకటి లేదు. ఇది చూసి ఎవరైనా ఇంట్లో లవంగ నూనె గుంటలో పోసుకుంటారేమోనని చెబుతున్నాను: నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ మాత్ర అదిమి పెట్టుకోవడం కూడా అటువంటి పనే. రెండు రోజుల తరువాత ఆ ముక్క తీసేశారు, మళ్లీ పెట్టవలసిన అవసరం రాలేదు. ఈ సేవకు అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఏడో రోజు కుట్లు విప్పారు. అప్పటికి నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోంది. మిగతాది మెల్లగా సాధన చేస్తే వస్తుందన్నారు, వచ్చింది. ఎడమవైపు కూడా ఇటువంటి పన్నే ఉంది, అది కూడా అక్కడే తీయించుకుంటాను. ఈసారి తిమ్మిరి ఉండగానే, ఇంటికి చేరిన గంటకే మొదటి జత మాత్రలు పడతాయి, ఫ్రిజ్‌లో ముందే రెండో జెల్ ప్యాక్ ఉంటుంది. మాత్రల వేళలు, రెండూ కలిపే వేసుకోవాలన్న మాట, గుడ్డ తడిపి పెట్టుకోవాలన్న మాట, నొప్పి తిరగబెడితే రావాలన్న మాట పాత చీటీ వెనుక పెన్నుతో రాసుకున్నాను. కుట్లు విప్పిన రోజున దాన్ని సహాయకురాలికి చూపిస్తే, బాగుంది సార్ అని తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. ఆమె మోచేతి పక్కన, బల్ల మీద, ఆరు వాక్యాల చీటీలు రబ్బరు బ్యాండు వేసి దొంతరగా ఉన్నాయి.